గుమ్మంలో ఖాకీ, ఫోన్లో ఖాకీ

హైదరాబాద్ నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. సాయంత్రం ఐదు దాటితే పార్కు బెంచీలన్నీ అరవై దాటినవాళ్లవే. పిల్లలు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో మైండ్‌స్పేస్‌లోనో మీటింగుల్లో ఉంటారు, లేకపోతే డాలస్‌లో నిద్రలో ఉంటారు. ఫ్లాట్ల యజమానుల సంఘం నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించింది. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల పేర్లు, ఫ్లాట్ నంబర్లు, పిల్లల ఫోన్ నంబర్లు రాసి ఇస్తే పోలీస్ స్టేషన్‌కి అందజేస్తామని అందులో ఉంది. వాదన ఆ కాగితంతోనే మొదలైంది. ఒకరు సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు. రెండో ఆవిడ తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్నారు. పేర్లు రాయొద్దన్నారు. నేను వినడానికే కూర్చున్నాను గానీ, అక్కడక్కడా నోరు ఊరుకోలేదు.

ఇన్‌స్పెక్టర్: అందరు రాసిచ్చిన్రు టీచరమ్మా. మీ ఫ్లాట్ ఒక్కటే ఖాళీ ఉన్నది.

టీచరమ్మ: ఖాళీగానే ఉండనివ్వండి. ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఏ అంతస్తులో ఉన్నారో, పిల్లలు ఏ దేశంలో ఉన్నారో ఒకే కాగితం మీద రాసిపెడితే దొంగకి ఇంకేం పని మిగిలింది? ఆ కాగితం ఆఫీసులో జిరాక్స్ అవుతుంది. జిరాక్స్ కాస్తా వాట్సాప్‌లో ఫొటో అవుతుంది.

ఇన్‌స్పెక్టర్: జాబితా అనేది ఈ సంఘం తెలివి కాదమ్మా. 2007ల తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పెద్దోళ్ల ప్రాణానికి, ఆస్తికి రక్షణగ కార్యాచరణ ప్రణాళిక తయారు చెయ్యాలని 22వ సెక్షన్ ప్రభుత్వానికి చెప్తది. దాని కింద కేంద్రం నమూనా నియమాలు పంపింది. ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిల ఉన్న పెద్దోళ్ల జాబితా పెట్టుకోవాలె, ముఖ్యంగ ఒంటరిగ ఉన్నోళ్లది. స్టేషన్ నుంచి ఒకరు, వీలైతే ఒక సామాజిక కార్యకర్తనో వలంటీరునో వెంటబెట్టుకొని, నెలకు ఒక్కసారన్న ఇంటికి పోయి చూడాలె. పిలిస్తే ఎంత జల్ది అయితే అంత జల్ది పోవాలె. ఉమ్మడి రాష్ట్రం కూడ 2011ల సొంత నియమాలు తెచ్చుకున్నది.

టీచరమ్మ: 2011 నుంచి ఎన్నేళ్లయిందో మీరే లెక్కేసుకోండి. మీ సర్వీసులో ఎన్ని ఇళ్లకి నెలకోసారి వెళ్లారు?

(ఇక్కడ ఇన్‌స్పెక్టరు గారు కాసేపు వాకింగ్ ట్రాక్ వైపు చూశారు.)

ఇన్‌స్పెక్టర్: పోలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలె. బందోబస్తు, వీఐపీ డ్యూటీ, ధర్నాలు, గణేశ్ నిమజ్జనం, ఆ తర్వాత ఈ ఐటీ కారిడార్ ట్రాఫిక్. పొద్దున తొమ్మిదికి బయో డైవర్సిటీ జంక్షన్‌ల నిలబడ్డ కానిస్టేబుల్‌ను పెద్దమ్మ ఇంటికి పొమ్మని నేనెట్ల చెప్త? అందుకే అంటున్న, ఇది ఒక్క స్టేషన్‌తోని అయ్యే పని కాదు. కమిషనరేట్ స్థాయిల ఒక సెల్లు ఉండాలె. ఢిల్లీ పోలీసులు 2004లనే సీనియర్ సిటిజన్ల కోసం ప్రత్యేకంగ సెల్లు పెట్టిన్రు. బెంగళూరుల 2002 నుంచి నగర పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు కలిసి 1090 నంబరుతోని పెద్దోళ్ల హెల్ప్‌లైన్ నడిపిన్రు. ఫోన్ ఎత్తేది ట్రస్టు, అవసరమైతే కదిలేది పోలీసు.

టీచరమ్మ: మనకీ హెల్ప్‌లైన్ ఉంది కదండీ, 14567. దేశంలో మొదట పుట్టిందే హైదరాబాద్‌లో. 2017లో టాటా ట్రస్టు వాళ్లు విజయవాహిని సంస్థతో కలిసి ఇక్కడ మొదలుపెడితే, 2021 అక్టోబరులో కేంద్రం దేశమంతటికీ తీసుకెళ్లింది. ఈ బెంచీల మీద ఎంతమందికి ఆ నంబరు తెలుసో అడగండి.

నేను అడిగాను. ఎవరికీ తెలియదు. ఒకాయన మాత్రం అది గ్యాస్ బుకింగ్ నంబరేమోనన్నారు.

టీచరమ్మ: చూశారా? దొంగతనానికి 100, లేదా 112. ఫోన్లో మోసపోతే 1930. పిల్లలు అన్నం పెట్టకపోతే 14567, అదీ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే. బీపీ మాత్ర వేసుకున్నామో లేదో గుర్తుండని వయసులో ఏ నేరానికి ఏ నంబరో గుర్తుపెట్టుకోవాలా?

ఇన్‌స్పెక్టర్: నేనంటున్నది గదేనమ్మా! ఏ నంబరుకు కొట్టినా సరైన చోటికి పోవాలె. పెద్దామె ఒక్కసారి చెప్తే చాలు, మిగిలిన తిరుగుడు వ్యవస్థలే తిరగాలె. సమన్వయమంటే నా లెక్కల గంతే. ఈడ కష్టం ఏందంటే, సైబరాబాద్ కమిషనరేట్ ఒక్కటే, కాని జిల్లాలు వేరే. కొండాపూర్, నల్లగండ్ల ఉన్న శేరిలింగంపల్లి మండలం రంగారెడ్డి జిల్లాల ఉంటది. కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరిల ఉంటది. కొడుకు ఇంట్ల నుంచి ఎల్లగొడితే ఆ 2007 చట్టం కింది ట్రిబ్యునల్‌కు పోవాలె, అది ఆర్డీవో దగ్గర ఉంటది. కొట్టిండంటే పోలీసు. పైసలు పోయినయంటే సైబర్ క్రైమ్. ముసలాయన ఒక్కడే, తిరగాల్సిన ఆఫీసులు మూడు.

టీచరమ్మ: ఆ మూడూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే సంతోషమే. కానీ మీరు మొదటినుంచీ నేరస్థుణ్ని గేటు బయట ఊహించుకుంటున్నారు. పనిమనిషి ఆధార్ కార్డు, వాచ్‌మన్ ఆధార్ కార్డు, కూరగాయల బండివాడి వివరాలు. 2025 ఫిబ్రవరిలో సోమాజిగూడలో 86 ఏళ్ల పారిశ్రామికవేత్త హత్య జరిగితే పోలీసులు అరెస్టు చేసింది సొంత మనవణ్ని. పనమ్మాయి ఆధార్ అడుగుతారు సరే, మనవడిది ఎవరడుగుతారు?

ఇన్‌స్పెక్టర్: పనోళ్ల వివరాలు చూసుడు తప్పా? పెద్దోళ్లు అడిగితే వెంటనే ఆరా తీసి చెప్పాలని నియమంలనే ఉన్నది.

టీచరమ్మ: పెద్దవాళ్లు అడిగితే, అని ఉంది. ఇక్కడేమో గేటు దగ్గర జార్ఖండ్ పిల్లనీ ఒడిశా పిల్లాణ్నీ రోజూ దొంగల్లా నిలబెడుతున్నారు. నాకు జ్వరం వచ్చిన రాత్రి తలుపు కొట్టి చూసింది మా వంటమ్మాయే. అమెరికాలో ఉన్న మా వాడికి తెల్లారాక తెలిసింది. ఒంటరి మనిషిని రోజూ చూసే నాలుగు కళ్లలో రెండింటిని మీరే అనుమానంతో మూసేస్తే, నెలకోసారి వచ్చే కానిస్టేబుల్ ఏం చూస్తాడు?

ఇన్‌స్పెక్టరు గారు దీనికి ఒప్పుకోలేదు. పనివాళ్లు భోజనంలో మత్తు కలిపి ఇల్లు ఊడ్చుకుపోయిన కేసులు తన సర్వీసులో చూశానని, అనుమానం వేరు, ఆరా తీయడం వేరని గట్టిగానే చెప్పారు. ఆవిడా తగ్గలేదు. ఆ ముక్క అక్కడే తెగకుండా ఆగిపోయింది. నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపించింది గానీ, ఇళ్లలోపల నడిచే హింస సంగతి ఇంకా మిగిలిపోయిందని గుర్తుచేశాను.

ఇన్‌స్పెక్టర్: ఇంట్ల సంగతికైతే ఆ 2007 చట్టానికే పళ్లున్నయి. పెద్దోళ్లను గాలికొదిలేస్తే 24వ సెక్షన్ కింద మూడు నెలల దాక జైలు, లేదా ఐదు వేల దాక జరిమానా, లేదా రెండూ. నన్ను చూసుకోవాలని షరతు పెట్టి ఇల్లు రాసిస్తే, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద ఆ రాత చెల్లదని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. ఇల్లు ఖాళీ చేయించి పెద్దోళ్లకు అప్పజెప్పే అధికారం కూడ ట్రిబ్యునల్‌కు ఉన్నదని 2025 జనవరి 2న సుప్రీంకోర్టు చెప్పింది.

టీచరమ్మ: పళ్లు సరే, కొరికేదెవరు? ఐదు వేల జరిమానా అంటే ఈ కారిడార్లో ఒక వీకెండ్ డిన్నరు బిల్లు. పైగా ఏ తల్లి వెళ్లి కొడుకు మీద కేసు పెడుతుంది? ధైర్యం చేసి వెళ్తే స్టేషన్లో "ఇది ఫ్యామిలీ మ్యాటరమ్మా, ఇంట్లో మాట్లాడుకోండి" అంటారు. మాట్లాడుకోవడానికి మనిషి లేకే కదా వచ్చింది! 2022లో దేశం మొత్తం మీద వృద్ధులపై నేరాల కింద నమోదైన కేసులు 28,545. 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైన. భాగించండి. పదివేల మందికి ముగ్గురు కూడా రారు. మన ముసలివాళ్లు ఇంత క్షేమంగా ఉన్నారంటే మీరు నమ్ముతారా?

ఇన్‌స్పెక్టర్: నమ్మను. కేసు కాకుండ ఇంటికి తిరిగిపోయినోళ్లు ఎంతమందో నాకు తెల్వదా. అందుకే మనిషే ఇంటికి పోవాలంటున్న. కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక సురక్షా సంహిత, 179వ సెక్షన్ల అరవై దాటిన పెద్దమనిషిని, వయసుతోని పనిలేకుండ ఏ ఆడమనిషిని అయినా సాక్ష్యం కోసం స్టేషన్‌కు పిలిపించొద్దు, ఇంటి దగ్గరే అడగాలె అని ఉన్నది. పాత చట్టంల మొగోళ్లకు ఇది అరవై ఐదు ఉండె. ఏ స్టేషన్‌కు పోయినా కేసు తీసుకోవాలె, పరిధి కాదనొద్దు. ఇవన్ని 2024 జూలై 1 నుంచి అమల్ల ఉన్నయి.

టీచరమ్మ: ఈ చట్టాల మాటలు మీ డిపార్ట్‌మెంటు కంటే ముందు ఫోన్లో మోసం చేసేవాళ్లు నేర్చుకున్నారు. అసలు నా అభ్యంతరం ఇప్పుడు చెప్తాను, వినండి. మీరు పెద్దవాళ్లని పోలీసులకి దగ్గర చేస్తానంటున్నారు. ఇవాళ మమ్మల్ని దోచుకుంటున్నవాడు వచ్చేదే పోలీసు వేషంలో. 2025 సెప్టెంబరులో ఏమైంది? 76 ఏళ్ల రిటైర్డ్ ప్రభుత్వ డాక్టరమ్మ, ఈ హైదరాబాద్‌లోనే. బెంగళూరు పోలీసులమంటూ వీడియో కాల్ చేశారు. మనుషుల అక్రమ రవాణా కేసులో నీ పేరుందన్నారు, కోర్టు కాగితాలు చూపించారు. ఆరు లక్షల అరవై వేలు కట్టించుకున్నారు. దాదాపు డెబ్బై గంటలు ఆ ఫోన్ వదల్లేదు. గుండె ఆగి చనిపోయింది. పోయిన తర్వాత కూడా ఆవిడ ఫోన్‌కి బెదిరింపులు వస్తూనే ఉన్నాయి. మూడు రోజుల్లో ప్రాణం తీసే నేరానికి నెలకోసారి వచ్చే కానిస్టేబులా మందు?

బెంచీ మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ డాక్టరమ్మ సంగతి అందరూ పేపర్లో చదివినవాళ్లే.

ఇన్‌స్పెక్టర్: వీడియోల అరెస్టు, అదే డిజిటల్ అరెస్టనేది, ఏ చట్టంల లేదమ్మా. మూడేండ్ల లోపు శిక్ష పడే కేసుల అరవై దాటినోళ్లను నిజంగ అరెస్టు చెయ్యాలన్నా డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ముందే ఉండాలె. ప్రధాని కూడ 2024 అక్టోబరుల మన్ కీ బాత్‌ల ఈ ముచ్చట చెప్పిండు.

టీచరమ్మ: ఆ డాక్టరమ్మకి చదువు తక్కువా? అంబాలాలో వృద్ధ దంపతులు కోటి రూపాయలకు పైగా పోగొట్టుకుని సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశారు. దొంగలు వాళ్లకి చూపించింది సుప్రీంకోర్టు ఉత్తర్వులే, దొంగవి. కోర్టు తనంతట తానే విచారణకి తీసుకుని, 2025 డిసెంబరులో దేశంలోని డిజిటల్ అరెస్టు కేసులు సీబీఐకి అప్పజెప్పింది. అంతవరకూ వెళ్లిందంటే ఇది తెలియనితనం మాత్రమే కాదు, భయం. మా తరానికి పోలీసంటే భయం. ఇంటి ముందు జీపు ఆగితే పరువు పోయిందనుకునే ఇళ్లలో పెరిగాం. ఆ భయాన్ని పెంచి పోషించింది మీ డిపార్ట్‌మెంటే. ఇప్పుడు దొంగ దానిమీద వడ్డీ తింటున్నాడు.

ఇన్‌స్పెక్టర్: (నెమ్మదిగా) అది కాదనలేను. కాని ఆలోచించుర్రి. తెల్వని గొంతుకు ఎందుకు భయపడ్డది ఆమె? తెలిసిన పోలీసు మొఖం ఒక్కటి లేకుండె గనుక. మీ బీట్ కానిస్టేబుల్ ఎవరో మీకు తెలిసి, మూడుసార్లు మీ ఇంట్ల చాయ్ తాగిపోయిన పిల్లగాడైతే, బెంగళూరు పోలీసని ఫోనొచ్చిన నాడు "ఆగురి, మా పోరగాన్ని అడుగుత" అనరా మీరు?

ఇన్‌స్పెక్టరు గారు చెప్పిన వాటిల్లో నాకు బాగా పట్టిన మాట ఇదే. టీచరమ్మ కూడా వెంటనే జవాబు చెప్పలేదు.

టీచరమ్మ: అంటానేమో. ఆ పోరగాడు ఆర్నెల్లకి బదిలీ కాకుండా ఉంటే. కానీ ఒక షరతు. పోలీసు ఎప్పుడూ తనంతట తాను పెద్దవాళ్లకి ఫోన్ చేయకూడదు. "మేము సైబరాబాద్ పోలీసులం, మీ క్షేమం కనుక్కుంటున్నాం" అని మీరు మంచికే చేసినా, రేపు దొంగ అదే మాటతో చేస్తాడు. రావాలనుకుంటే యూనిఫాంలో గుమ్మం దగ్గరకి రండి. లేదంటే మేమే చేస్తాం. ఫోన్లో ఖాకీ అంటే దొంగే అని పిల్లాడికి ఎక్కం నేర్పినట్టు నేర్పండి.

ఇన్‌స్పెక్టర్: ఒప్పుకున్న. అట్లనే నా ప్రశ్న వినుర్రి. మూడు రోజుల నేరాన్ని పట్టేది కానిస్టేబుల్ కాదన్నరు. మరి ఎవరు పట్టాలె?

టీచరమ్మ: బ్యాంకు. ఎంత భయపెట్టినా డబ్బు కదలాలి కదా. మా వయసు వాళ్ల డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. పదేళ్లుగా ముట్టని డిపాజిట్లు ఒక్కరోజు ముసలాయన వచ్చి అన్నీ తీసేయమంటే అక్కడ గంట మోగాలి. 2024లో ఇక్కడి స్టేట్ బ్యాంకు శాఖలో ఏమైంది? 61 ఏళ్ల పిల్లల డాక్టరు గారు డిపాజిట్లు రద్దు చేసి 13 లక్షలు కావాలని వచ్చారు. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఆయన మొహంలో కంగారు చూసింది. ఎందుకండీ అంటే స్థలం కొంటున్నానన్నారు. మేనేజరు కూడా ఏవో మాటలు చెప్పి జాగు చేశాడు. ఆయన మళ్లీ వస్తే 1930కి కలిపి మాట్లాడించారు. డబ్బు మిగిలింది. అక్కడ పనిచేసింది చట్టమా, సెల్లా? మొహం చూసి కనిపెట్టగలిగిన ఒక గుమస్తా.

ఇన్‌స్పెక్టర్: మరి అందరు గుమస్తాలు గట్ల ఉంటరా? నా పైసలు నాకియ్యననడానికి నువ్వెవరు అని కస్టమర్ లొల్లి చేస్తే? లండన్‌ల 2016ల మొదలువెట్టి బ్రిటన్ మొత్తం ఒక పద్ధతి తెచ్చిన్రు, బ్యాంకింగ్ ప్రోటోకాల్ అని. కౌంటర్ల అనుమానం వస్తే సిబ్బంది పోలీసుకు ఫోన్ చేస్తరు, పోలీసు బ్యాంకుకే వస్తడు. ఒక్క అమ్మాయి మంచితనం మీద ఆధారపడకుండ దాన్ని పద్ధతి చేసిన్రు. అమెరికాల 1988లనే పోలీసు అధికారుల సంఘం, షెరీఫుల సంఘం, రిటైరైనోళ్ల సంఘం కలిసి ట్రయాడ్ అని ఒప్పందం రాసుకున్నయి. అందుల పెద్దోళ్లు బాధితులుగ కాదు, భాగస్తులుగ ఉన్నరు. ఇంకో సంగతి. మీ డిపాజిట్ నెట్ బ్యాంకింగ్‌ల విరిగితే కౌంటర్ల ఏ అమ్మాయి మొఖం చూస్తది? పైసలు పోయినంక గంటలనే 1930కి చెప్తే ఖాతాలు ఆపొచ్చు. లేటైతే పది ఖాతాలు మారి పోతయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వార బాధితులకు పైసలు తిరిగి ఇప్పిస్తున్నది, కాని ముందుగాల ఆగిన పైసలే తిరిగొస్తయి.

టీచరమ్మ: సరే, పద్ధతి చేయండి. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చేస్తారు? ఈ కారిడార్లో సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అని పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి 2006 నుంచి నడుపుతున్నారు. ఆఫీసు అమ్మాయిల కోసం షీ షటిల్ బస్సులు వేశారు. ఆడవాళ్ల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ 2014లో వచ్చాయి. మంచిదే, నా మేనకోడలు ఆ బస్సు ఎక్కింది. మరి ఆ అమ్మాయి ఇక్కడ ధైర్యంగా పనిచేస్తున్నది ఇంట్లో బిడ్డని చూసుకుంటూ కూర్చున్న అత్తగారి వల్ల కాదూ? కరీంనగర్ నుంచో గుంటూరు నుంచో మనవల్ని పెంచడానికి వచ్చి, పగలంతా పద్దెనిమిదో అంతస్తులో ఒంటరిగా ఉండే మనుషులు వీళ్లు. వీళ్ల శ్రమ మీద కంపెనీలు నడుస్తున్నాయి. వీళ్ల పేరు ఆ కౌన్సిల్ పని జాబితాలో ముందు వరసలో ఎందుకు లేదు?

ఇన్‌స్పెక్టర్: అయితే పేరు రాస్తరా మరి?

టీచరమ్మ: జాబితా స్టేషన్లోనే తాళంలో ఉంటుందని, సంఘం ఆఫీసులో కాపీ ఉండదని స్టేషన్ హౌస్ ఆఫీసరు (ఎస్‌హెచ్‌ఓ) రాసిస్తే రాస్తాను. కానిస్టేబులుతో వచ్చే వలంటీరుగా ఇక్కడి పెద్దవాళ్లనే పెట్టండి. నేనూ వస్తాను.

ఇన్‌స్పెక్టర్: రాసియ్యమంటే ఎస్‌హెచ్‌ఓ నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూస్తడు.

టీచరమ్మ: అయితే నేనూ రాయను.

ఇద్దరూ లేచారు. కాగితం బోర్డు మీద ఇంకా ఉంది, ఆవిడ గడి ఖాళీగానే ఉంది. వాళ్లిద్దర్నీ కలపడం నా పని కాదు గానీ, నా తీర్పు చెప్తాను. జాబితా గుట్టుగా ఉండాలన్న టీచరమ్మదే న్యాయం. ఆవిడ అడిగిన కాగితంలో పిచ్చి ఏమీ లేదు. పెద్దవాళ్ల వివరాలు అడిగే హక్కున్న స్టేషన్‌కి, వాటిని భద్రంగా ఉంచుతానని సంతకం పెట్టే బాధ్యతా ఉంది. ఫోన్ చేయని పోలీసు, అడిగి చూసే బ్యాంకు, తెలిసిన ముఖం ఉన్న కానిస్టేబులు, ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు. నెలవారీ సందర్శన మాత్రం ఇన్‌స్పెక్టరు గారన్నట్టు పేపరు మీదే మిగలకూడదు.

వాదనలో ఇద్దరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఆ నమూనా నియమాల్లోనే రెండో పుస్తకం ఉంది. వృద్ధులపై జరిగిన నేరాల వివరాలతో ప్రతి స్టేషన్ విడిగా ఒక రిజిస్టరు పెట్టాలి, దాన్ని ప్రజలు చూడటానికి వీలుగా ఉంచాలి, ప్రతి నెలా పదో తేదీలోగా పైఅధికారికి నివేదిక పంపాలి. మొదటి పుస్తకం, అంటే పెద్దవాళ్ల జాబితా, మూసి ఉండాలి, ఇది తెరిచి ఉండాలి. గచ్చిబౌలి, రాయదుర్గం, మాదాపూర్, చందానగర్, మియాపూర్, నార్సింగి, కూకట్‌పల్లి, మీది ఏ స్టేషన్ అయినా సరే, ఈ వారం మీ అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. లేదంటే, లేదని రాసిమ్మని అడగండి.